అంతా గాలి మహిమ!

* వెనక రేకు ఒక్క అంగుళం మారితే పందెం తీరే మారిపోతుంది
* అమెరికా స్టాక్ కార్ల రేసుల్లో యాభై ఏళ్లకు పైగా ఇదే గొడవ

హోసూరు దాటి కృష్ణగిరి వైపు బైకు మీద వెళ్లేవారికి ఈ అనుభవం కొత్త కాదు. పెద్ద లారీ వెనక చేరగానే ఎదురుగాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది. బండి తేలిగ్గా సాగిపోతుంది. సరే, దాటేద్దామని పక్కకు తీస్తే మాత్రం లారీ చీల్చిన గాలి వచ్చి హ్యాండిల్‌ను ఊపేస్తుంది. గుండె గుభేల్‌మంటుంది. లారీ ఇచ్చిన సాయం, పెట్టిన గండం.. రెండూ గాలి పుణ్యమే.

గంటకు 300 కిలోమీటర్ల వేగంలో, పక్కపక్కనే 40 కార్లు పరుగెడుతుంటే ఆ గాలి ఇంకెంత పని చేస్తుంది? అమెరికాలో నాస్కార్ సంస్థ నడిపే స్టాక్ కార్ల పందేలను దశాబ్దాలుగా వేధిస్తున్న ప్రశ్న ఇదే. ఆ గాలిని అదుపు చేయడానికి ఎన్ని నిబంధనలు పెట్టినా ఒకటి కుదిరితే ఇంకొకటి చెడుతోంది.

అంగడి కారే పందెం కారు

1948లో నాస్కార్ పుట్టినప్పుడు 'స్టాక్' అన్న మాటకు అసలు అర్థమే ఉండేది. అంగట్లో దొరికే మామూలు కారుతోనే పందెం. ఫ్లోరిడాలోని డేటోనాలో 1958 వరకు సముద్రపు ఇసుక మీదే రేసులు జరిగాయి. 1959లో అక్కడ 4 కిలోమీటర్ల భారీ ట్రాకు తయారైంది. దాంతో వేగం పెరిగింది. గాలి కూడా పందెంలోకి దిగింది.

మరుసటి ఏడాదే జూనియర్ జాన్సన్ అనే డ్రైవరు కిటుకు కనిపెట్టాడు. అతని కారుకు ప్రత్యర్థుల కార్లంత సత్తా లేదు. అయినా వేగంగా పోయే కారు వెనక అంటుకుపోతే తన కారూ అంతే వేగంతో పోతోంది! లారీ వెనక బైకు సూత్రమే. ఆ కిటుకుతోనే 1960 డేటోనా 500 గెలిచేశాడు. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు.

రెక్కలొచ్చాయి.. కత్తిరించారు

ఇక కంపెనీలు ఊరుకుంటాయా? 1969లో డాడ్జ్ కంపెనీ కోసు ముక్కుతో, వెనక దాదాపు రెండడుగుల ఎత్తు రెక్కతో చార్జర్ డేటోనాను దించింది. మరుసటి ఏడాది ప్లిమత్ సూపర్‌బర్డ్ అదే రూపంతో వచ్చింది. 1970 మార్చిలో అలబామాలోని టాలడేగా ట్రాకు మీద బడ్డీ బేకర్ గంటకు 200 మైళ్లు, అంటే 322 కిలోమీటర్ల గీత దాటేశాడు.

నాస్కార్ కంగారు పడింది. రెక్కల కార్లను నేరుగా నిషేధించకుండా 1971 నుంచి వాటి ఇంజను సైజు బాగా తగ్గించాలని షరతు పెట్టింది. అంతే సంగతులు. రెక్కల కార్లు కనుమరుగైపోయాయి. గాలి మీద గెలిస్తే ఇంజను మీద కోత వేయడం అప్పటి నుంచీ అలవాటైపోయింది.

రేకు చేసే పని ఇదీ..

వెనక డిక్కీ మీద నిలువుగా ఉండే రేకును స్పాయిలర్ అంటారు. ముందు బంపరు కింద నేలను ఆనుకున్నట్టుండే పలక స్ప్లిట్టర్. వేగంగా వచ్చే గాలి వీటి వల్ల కారును నేలకు అదిమి పెడుతుంది. ఈ అదుముడునే డౌన్‌ఫోర్స్ అంటారు. టన్నున్నర బరువున్న కారు మీద కనిపించని చెయ్యి పెట్టి నొక్కినట్టన్నమాట. నొక్కుడు ఎంత ఎక్కువైతే మలుపులో కారు అంత వేగంగా తిరుగుతుంది.

చిక్కల్లా వెనక వచ్చే కారుకే. ముందు కారు గాలిని చిందరవందర చేసి వదులుతుంది. డ్రైవర్లు దీన్ని 'డర్టీ ఎయిర్' అంటారు. ఆ చెదిరిన గాలిలో వెనక కారు ముక్కు మీద నొక్కుడు తగ్గిపోతుంది. స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు, గోడ వైపు జారుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ వదలక తప్పదు. ఈలోగా ముందున్నవాడు జారుకుంటాడు. నేరు దారిలో సాయం చేసిన గాలే మలుపులో కాలు పట్టి లాగుతుంది. కారు ఎంతగా డౌన్‌ఫోర్స్ మీద ఆధారపడితే దాన్ని పోగొట్టుకున్నప్పుడు నష్టమూ అంతే.

బిళ్ల బిగించినా..

1987లో బిల్ ఇలియట్ టాలడేగా క్వాలిఫయింగ్‌లో గంటకు 212.809 మైళ్ల వేగం అందుకున్నాడు. అంటే 342 కిలోమీటర్లు! ఆ వారమే రేసులో బాబీ అలిసన్ కారు టైరు పేలింది. కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చేసింది. ప్రేక్షకులు గాయపడ్డారు. కారు ఇంకొంచెం ఎత్తు లేచి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం.

మరుసటి ఏడాది నుంచి డేటోనా, టాలడేగాల్లో ఇంజనుకు వెళ్లే గాలిని తగ్గించేలా రంధ్రాల బిళ్ల బిగించారు. వేగం తగ్గింది. కానీ అందరి వేగమూ ఒక్కటైపోయింది. ఎవరూ ఎవరినీ వదిలించుకోలేని పరిస్థితి. కార్లన్నీ జాతరలో జనంలా ఒక్క గుంపుగా పరుగులు. ఒక్కడు తడబడితే ఇరవై కార్లు నుజ్జు. ఒక ప్రమాదాన్ని తప్పించబోతే ఇంకోటి తయారైంది. 1994లో కారు వెనక్కి తిరిగినప్పుడు తెరుచుకుని, పైకి లేవకుండా ఆపే మూతలను కప్పు మీద తప్పనిసరి చేశారు.

2000 డేటోనా 500లో ఆధిక్యం 9 సార్లు మాత్రమే చేతులు మారింది. చప్పగా ఉందన్న విమర్శలొచ్చాయి. గాలిని మరింత అడ్డుకునేలా కప్పు మీద పట్టీ పెట్టి, వెనక రేకును మార్చారు. 2001 రేసులో ఆధిక్యం 49 సార్లు మారింది. ప్రేక్షకులకు పండగే. అయితే ఆ రేసు చివరి ల్యాపులోనే దిగ్గజం డేల్ ఎర్న్‌హార్ట్ గోడను ఢీకొని కన్నుమూశాడు. తల, మెడలను కాపాడే పరికరాన్ని ఆ ఏడాది అక్టోబరులో తప్పనిసరి చేశారు.

కోయంబత్తూరు కుర్రాడు వెళ్లిన ఏడాది

భద్రత కోసమే 2007లో 'కార్ ఆఫ్ టుమారో' తెచ్చారు. ముందు స్ప్లిట్టర్, వెనక రేకు బదులు రెక్క. బ్రిస్టల్‌లో తొలి రేసు గెలిచిన కైల్ బుష్ కారు దిగీ దిగగానే ఇదేం చెత్త కారంటూ దులిపేశాడు. గెలిచినవాడే తిడితే ఓడినవాళ్ల సంగతి చెప్పాలా? 2010 మార్చి చివర్లో మార్టిన్స్‌విల్ రేసుతో రెక్క పోయి పాత రేకు మళ్లీ వచ్చింది.

విచిత్రంగా అదే సమయంలో, అదే మార్టిన్స్‌విల్‌లో కోయంబత్తూరు డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ నాస్కార్ ట్రక్కుల పందెంలోకి అడుగుపెట్టాడు. 2005లో ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడు అతనే. ఆ ఏడాది ట్రక్కుల సిరీస్‌లో అభిమానుల ఓట్లతో మోస్ట్ పాపులర్ డ్రైవర్ అవార్డు కూడా కొట్టేశాడు. ఎన్నో తరాలుగా తెలుగువారు స్థిరపడ్డ కోయంబత్తూరుకు ఈ ఆట కొత్తదేం కాదు. చెట్టిపాళయం దగ్గర కరి స్పీడ్‌వే ఉండనే ఉంది.

8 అంగుళాలా.. రెండా?

టాలడేగాలో 2010, 2011 వేసవి రేసుల్లో ఆధిక్యం 88 సార్లు చొప్పున మారింది. రికార్డే! అయితే 2011లో ఒకడు నడుపుతుంటే ఇంకొకడు వెనక నుంచి బంపరుతో నెట్టడం.. జంటలు జంటలుగా ఇదే తంతు. లెక్క పెరిగింది కానీ ముందుకెళ్లినవాడిది గొప్పా, నెట్టినవాడిది గొప్పా అన్నది తేలలేదు.

పెద్ద ట్రాకుల్లో 2016లో వెనక రేకును మూడున్నర అంగుళాలకు కోశారు. 2017లో ఇంకా తగ్గించారు. కార్లు జారాయి, డ్రైవర్లకు చెమటలు పట్టాయి. 2019లో మళ్లీ పూర్తి రివర్సు. రేకు 8 అంగుళాలకు పెరిగింది, ఇంజను సత్తా 550 హార్స్‌పవర్‌కు పడిపోయింది. చాలా ట్రాకుల్లో మలుపులోనూ యాక్సిలరేటర్ మీద కాలు తీయక్కర్లేదు. పందెం మళ్లీ మొదలైన ప్రతిసారీ రెండు ల్యాపులు మహా రంజుగా ఉండేవి. తరువాత ముందున్నవాడికి శుభ్రమైన గాలి, వెనకవాడికి మురికి గాలి. బారులు తీరిన బండ్లే!

2022లో కారునే మార్చేశారు. అడుగు భాగం చదునుగా చేసి, వెనక గాలిని ఊడ్చే డిఫ్యూజర్ అమర్చారు. పెద్ద ట్రాకుల్లో పందేలు మెరుగయ్యాయి. చిన్న ట్రాకుల్లో మాత్రం దాటడం గగనమైంది. 2023లో అక్కడ రేకును 2 అంగుళాలు చేశారు. 2024లో 3 అంగుళాలన్నారు. డిఫ్యూజర్‌నూ మార్చారు. రోగం పూర్తిగా కుదరలేదు.

టైరు చెప్పిన పాఠం

2024 మార్చిలో కిలోమీటరు కూడా లేని బ్రిస్టల్ ట్రాకులో అనుకోనిది జరిగింది. టైర్లు అంచనాలకు మించి త్వరగా అరిగిపోయాయి. దూకుడుగా తోలినవాడి టైరు ముందు పోయింది. ఓర్పుగా నడిపినవాడు వెనక నుంచి వచ్చి దాటేశాడు. ఆధిక్యం 54 సార్లు మారింది. చిన్న ట్రాకుల్లో అదే రికార్డు. డెన్నీ హ్యామ్లిన్ గెలిచాడు. దానికి కారణం రెక్కా కాదు, రేకూ కాదు. ఏ క్షణాన కాలు తీయాలో తెలిసిన డ్రైవరు!

ఇన్నేళ్ల కథలో తేలేది ఒక్కటే. కారును నేలకు అతికించేస్తే దాటడం కష్టం. అందరి వేగం సమం చేస్తే గుంపు, గుంపు వెంటే ప్రమాదం. కారు కాస్త జారాలి, టైరు అరగాలి, మలుపు ముందు బ్రేకు నొక్కే అవసరం రావాలి. అప్పుడే ఒకరి తప్పు ఇంకొకరికి అవకాశమవుతుంది. అలాగని వదిలేస్తే కారు కంచె దాటుతుందన్న 1987 నాటి భయం ఎప్పుడూ వెన్నాడుతూనే ఉంటుంది.

చిన్న ట్రాకుల్లో 2026 సీజన్‌కు ఇంజను సత్తాను 670 నుంచి 750 హార్స్‌పవర్‌కు పెంచాలని నాస్కార్ 2025లో నిర్ణయించింది. రేకు కోసీ కోసీ అలసిపోయి, ఇప్పుడు డ్రైవరు కాలికే పని పెట్టిందన్నమాట. లారీ వెనక బైకు తోలేవాడికీ అంతే.. గాలి ఎలాగూ మాట వినదు. చెయ్యి, కాలు అదుపులో ఉంటేనే దాటేది.