వెదకుగడిలోని మాట

మలక్‌పేటలో మా యింట కంప్యూటరు ఒక్కటే. అత్తగారు మొదలు పిల్లలవఱకు అందఱును దానినే వాడుదురు. మొన్న మా గర్భాశయపు స్కాను కాగితమును అందులో వెదకుచు మొదటి మాట వ్రాసితిమో లేదో, వెదకుగడి క్రింద ప్రసూతి ఆసుపత్రుల పేర్లు బారులు తీరెను. వెనుకనే మఱది! సాయంకాలమునకు అత్తగారు శుభవార్తయా యని యడిగిరి. మాకున్నది కణితి, వైద్యురాలింకను ఏ సంగతియు తేల్చలేదు. ఏమని చెప్పుదుము?

సోదరీమణులారా, మన పెట్టెలోని కాగితమునకై వ్రాసిన మాటయు ఇల్లు దాటి పోవచ్చును. 2012 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 12.10లో అట్టి మాట కెనానికల్ సంస్థవారి సర్వరునకు పోయి, అమెజాన్ సరకులను వెంటబెట్టుకొని వచ్చెడిది. రిచర్డ్ స్టాల్‌మన్ గారు దానిని వేగుపని యని బహిరంగముగా నిందించిరి. 2016 నాటి 16.04లో, కోరినవారికి తప్ప, ఆ యేర్పాటు ఆపివేయబడెను. వెదకిపెట్టుట తప్పు కాదు. అడుగకయే మన మాటను పంపుట తప్పు.

విండోస్ 11లో స్టార్టు వెదకులాటయందు బింగ్ ఫలితములును చేరును. కాగితమును ఫైల్ ఎక్స్‌ప్లోరరులో వెదకినచో ఆ బెడద లేదు. సెట్టింగులలో వెదకిన మాటల జాబితాను తుడిచివేయవచ్చును. అన్నిటికంటె మేలు, ఎవరి ఖాతా వారికి, ఎవరి రహస్యపదము వారికి ఉండుట.

“ఇంటిలో దాపరికమేల?” అని అత్తగారనిరి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి గాని, దానిని వంటయింట చదివి వినిపింపలేము గదా! మాఱుపలుకక వేఱు ఖాతా తెఱచుకొంటిమి. రెండు దినములు ముభావముగా నుండి, మూడవనాడు తమకును ఒకటి కావలెననిరి.