కాంటా ఎవరి చేతిలో ఉంది? - లెక్కల తనిఖీ ప్రమాణాలు మారిన కథ

మా ముదిగొండ వైపు పత్తి అమ్మే రైతుకు కాంటా సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటి ముందుకొచ్చి కొనే వ్యాపారి కాంటా కూడా తనే తెచ్చుకుంటాడు. మూడేళ్ళ కిందట అలా తూచి, మా పత్తి పది క్వింటాళ్ళని చీటీ రాశాడు ఒకాయన. నాన్నకు అనుమానమొచ్చింది. పట్టుబట్టి బండిని ధర్మకాంటా ఎక్కించాడు. నిండు బండిని ఒకసారి, ఖాళీ బండిని ఒకసారి తూచి చూస్తే అరక్వింటాలు పైనే తేడా తేలింది. ఆ వ్యాపారి కాంటా పాతదేం కాదు, ముద్ర లేనిదీ కాదు. అంకెలు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి.

చట్టం లేకనా? సేర్లు, మణుగుల స్థానంలో కిలోలు తెచ్చిన తూనికల చట్టం 1956లోనే వచ్చింది. దాని స్థానంలో 1976లో ఇంకొకటి, దాని స్థానంలో 2009లో మరొకటి వచ్చాయి. నియమానికి లోటు లేదు. కొనేవాడి చేతిలోనే కాంటా ఉండడం అసలు లోటు.

సైన్సు విద్యార్థినైన నేను ఈ మధ్య ఒక కామర్సు మిత్రుని దగ్గర ఆడిటింగు పుస్తకం తీసుకుని తిరగేశాను. ఆశ్చర్యమేమంటే, అందులోనూ నాకు ఈ కాంటా కథే కనిపించింది. ఒక వ్యాపార సంస్థ బాగుందా లేదా అని పరిశీలించి చెప్పే వృత్తికి కొన్ని ప్రమాణాలుంటాయి. అవి ఒక్కరోజున పుట్టినవి కావు, దెబ్బ తగిలినప్పుడల్లా కాస్త కాస్త మారుతూ వచ్చాయి. ఆ మార్పును మన తెలుగునేల మీద జరిగిన ఒక ఉదాహరణతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాణం ఎందుకు?

కంపెనీ లెక్కలు రాసేది కంపెనీవాళ్ళే. ఆ లెక్క నమ్మి డబ్బు పెట్టేది వాటాదారులు, అప్పిచ్చేది బ్యాంకులు, బతుకు ముడివేసుకునేది ఉద్యోగులు. వీళ్ళెవరూ లోపలికి వెళ్ళి చూడలేరు. అందుకని వీళ్ళ తరఫున చూసి చెప్పడానికి ఆడిటరు ఉంటాడు. ఏది చూడాలి, ఎంతవరకు చూడాలి, చూసినదానికి రుజువేమిటి అన్నవి ఆయన ఇష్టానికి వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చూస్తారు. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని రాసుకున్నవే ప్రమాణాలు. మన దేశంలో ఈ వృత్తికి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949లో వచ్చింది. లెక్కలు రాసే ప్రమాణాల కోసం ఆ సంస్థ 1977లో ప్రత్యేకంగా ఒక మండలిని ఏర్పాటు చేసింది.

మొదటి దెబ్బ

1938 డిసెంబరులో అమెరికాలో మెక్‌కెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ బండారం బయటపడింది. పుస్తకాల్లో ఆస్తి 8 కోట్ల 70 లక్షల డాలర్లు. అందులో సుమారు కోటీ 90 లక్షలు లేని ఆస్తి! కెనడా గిడ్డంగుల్లో ఉన్నదన్న సరుకు లేదు, బాకీ ఉన్నారన్న ఖాతాదారులు లేరు. ఆడిటర్లు కాగితాలన్నీ చూశారు గాని గిడ్డంగి తలుపు తీసి చూడలేదు. ఎందుకంటే అలా వెళ్ళి చూడాలన్న నియమం అప్పటికి లేదు.

1939లో నియమం వచ్చింది. సరుకు లెక్కించేటప్పుడు ఆడిటరు దగ్గరుండాలి, బాకీదారులకు నేరుగా ఉత్తరం రాసి నిజం రాబట్టాలి. మనకిది చాలా చిన్న సంగతిగా తోస్తుంది. గాదెలో వడ్లున్నాయంటే మూత తీసి చూడమా? కాని ఆ చిన్న సంగతి నియమంగా మారడానికి అంత పెద్ద మోసం జరగవలసి వచ్చింది.

సత్యం కథ

ఇక మన కథ. 1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ ఇరవై ఏళ్ళలో దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటయింది. పొలం పనుల్లోంచి వచ్చి ఇంజనీరింగు చదివిన పిల్లలకు సత్యంలో ఉద్యోగమంటే గొప్ప. కంపెనీని చక్కగా నడుపుతున్నారని 2008లో బహుమతి కూడా ఇచ్చారు.

2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు ఒక ఉత్తరం రాసి తప్పు ఒప్పుకున్నారు. నాకు ఊహ తెలియని వయసులో జరిగిన సంగతి గనుక నేను చదివే తెలుసుకున్నాను. ఆ ఉత్తరంలోని అంకెలు చూడండి. 2008 సెప్టెంబరు చివరి నాటికి కంపెనీ దగ్గర నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లని పుస్తకాల్లో ఉంది. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. లేని డబ్బు మీద వడ్డీ రావలసి ఉందని మరో 376 కోట్లు. ఇవ్వవలసిన బాకీ 1,230 కోట్లు చూపలేదు. రావలసినవి 490 కోట్లు ఎక్కువ చూపారు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. ఆ మూడు నెలల రాబడి మీద లాభం నూటికి 24 అని చెప్పారు, నిజానికి వచ్చింది నూటికి 3.

ఇక్కడే అసలు ప్రశ్న. సరుకంటే ఎక్కడో గిడ్డంగిలో ఉంటుంది, కనబడలేదనుకోవచ్చు. బ్యాంకులో డబ్బు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి బ్యాంకును అడిగితే చాలదా? అడగాలన్న నియమం అప్పటికే ఉంది. ఆ ఉత్తరం ఆడిటరే పంపాలి, జవాబు ఆడిటరుకే రావాలి అని కూడా ఉంది. జరిగిందేమంటే, ఉత్తరాలు పంపే పనీ జవాబులు తెచ్చే పనీ కంపెనీవాళ్ళకే వదిలేశారు. కంపెనీ తెచ్చిచ్చిన దొంగ కాగితాలనే నమ్మారు. సత్యం ఒక్కదానిలోనే గాక మరికొన్ని తనిఖీల్లోనూ ఇదే అలవాటు సాగిందని అమెరికా నియంత్రణ సంస్థలు 2011 ఏప్రిల్‌లో తేల్చి, ఆ ఆడిటు సంస్థ భారతదేశపు శాఖలకు 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి.

అంటే 1939 నాటి నియమం పుస్తకంలో భద్రంగానే ఉంది. ముద్ర వేసిన కాంటా లాగే ఉంది. కాని ఆ కాంటా అమ్మకందారు చేతికి చిక్కింది!

ఏం మారింది?

అమెరికాలో ఇంకో పాఠం అంతకుముందే జరిగింది. 2001లో ఎన్రాన్ కూలింది. దాన్ని తనిఖీ చేసిన ఆర్థర్ ఆండర్సన్, 2000 సంవత్సరంలో తనిఖీకి రెండున్నర కోట్ల డాలర్లు తీసుకుంటే, అదే కంపెనీకి సలహాలు చెప్పి ఇతర పనులు చేసినందుకు రెండు కోట్ల 70 లక్షలు తీసుకుంది. అంత రాబడి ఇచ్చేవాడి తప్పు ఎత్తి చూపడానికి నోరెలా వస్తుంది? 2002లో చట్టం తెచ్చి, ఆడిటర్లు అలాంటి పనులు చేయకుండా కట్టడి చేశారు. అంతవరకు వృత్తిలోనివారే వృత్తిని సరిదిద్దుకునేవారు. దానికి బదులు విడిగా ఒక పర్యవేక్షణ సంస్థను పెట్టారు.

మనకు ఆ మార్పు సత్యం తరువాత వచ్చింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం షేర్ మార్కెట్టులో నమోదైన కంపెనీకి ఒకే ఆడిటు సంస్థ వరుసగా పదేళ్ళకు మించి ఉండకూడదు. మోసం కనబడితే ఆడిటరు పైకి తెలియజేయవలసిందే. దెబ్బతిన్న వాటాదారులు కలిసికట్టుగా దావా వేయవచ్చు. ఆడిటర్లను బయటినుంచి తనిఖీ చేసే జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ 2018 అక్టోబరు 1న ఏర్పడింది. సత్యం ఉత్తరం నాటినుంచి లెక్కిస్తే దాదాపు పదేళ్ళు.

ఈ మధ్యలో సత్యాన్ని 2009లో టెక్ మహీంద్రా కొన్నది, 2013లో తనలో కలుపుకున్నది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా పదిమందిని దోషులని తీర్పు చెప్పింది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. మరుసటి నెలలో పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

ఈ వరుసంతా గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదట్లో ప్రమాణాలు ఏమి చూడాలో చెప్పాయి. తరువాత ఎలా చూడాలో చెప్పాయి. ఆఖరికి చూసేవాడు ఎవరి మనిషి అన్న ప్రశ్నకు వచ్చాయి. కంచే చేను మేస్తే అన్న సామెత మనవాళ్ళు ఊరికే చెప్పలేదు.

మిగిలిన ప్రశ్న

అంతా చక్కబడిందా అంటే నేను ఔననలేను. ఆడిటరుకు ఫీజు ఇచ్చేది ఈనాటికీ ఆయన పరీక్షించే కంపెనీయే. వాటాదారులే నియమిస్తారని చట్టం చెబుతుంది గాని, పెద్ద వాటా ఎవరిదో వాళ్ళ మాటే చెల్లుతుంది. పదేళ్ళకోసారి ఆడిటరును మార్చడమంటే కాంటా పట్టే మనిషిని మార్చడమే. ఆ మనిషికి కూలి ఇచ్చే చెయ్యి మారలేదు.

మన ప్రయోగశాలలో ఒక రీడింగు మనం తీస్తే, పక్కవాడి చేత మరొకటి తీయిస్తారు లెక్చరరు గారు. మన మీద నమ్మకం లేక కాదు. జవాబు ముందే తెలిసినవాడి కన్ను తనకు తెలియకుండానే ఆ అంకె వైపు వాలుతుంది. సైన్సు నేర్పిన ఆ చిన్న క్రమశిక్షణే వ్యాపార లెక్కలకూ కావాలి.

మనలో కొందరు రేపు ఆడిటర్లవుతారు, కొందరు బ్యాంకు ఉద్యోగులవుతారు, కొందరు కంపెనీల్లో లెక్కలు పరిశీలిస్తారు. ప్రమాణాల పుస్తకం అప్పటికి ఇంకా లావెక్కుతుంది. దాన్ని బట్టీ పట్టినంత మాత్రాన చాలదు. ముందు పెట్టిన ప్రతి కాగితాన్నీ ఇది ఎవరు తెచ్చిచ్చారని అడగగలగాలి. ధర్మకాంటా దగ్గరికి పోదాం పద అని మా నాన్న అన్నప్పుడు ఆయన చేతిలో ఏ చట్టం పుస్తకమూ లేదు.