గడ్డం సబ్బు – తవుడు నూనె – మన బోరు నీళ్ళు

గడ్డం గీసుకునే సబ్బు గురించి కాలేజీ సంచికలో వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. పొద్దున్నే హాస్టల్ నల్లాల దగ్గర వరసగా నిలబడి, డబ్బా మీట నొక్కి చెంపలకు నురగ పూసుకునేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, ఆ నురగలో ఉన్నదీ సబ్బేనని? స్టియరిక్ ఆమ్లాన్ని ట్రైఇథనాల్ అమీన్ అనే క్షారంతో కలిపి, నీళ్ళు చేర్చి, వంటగ్యాసు జాతి వాయువును దట్టించి డబ్బాలో మూస్తారు. మనం డబ్బు పెట్టి కొనేదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే! ఆ నీళ్ళు మన బావిలోనూ ఉన్నాయి గదా.

నేను ఏడాదిగా వాడుతున్నది చేత్తో చేసిన సబ్బు. చిన్న స్టీలు గిన్నెలో పోసి గట్టిపరచిన బిళ్ళ, ఒక బ్రష్షు, నాలుగు చుక్కల నీళ్ళు. కోదాడలో ఉండే మా సీనియర్ అన్న ఒకాయన బి.యస్సీ. అయ్యాక ఇంట్లోనే పది పన్నెండు బిళ్ళల చొప్పున చేసి స్నేహితులకు, చుట్టాలకు ఇస్తుంటాడు. దాంట్లో వట్టివేరు వాసన ఉంటుంది. నురగ పెరుగు మీగడలాగా చిక్కగా వచ్చి, గీత పూర్తయ్యేదాకా చెంప మీద ఆరిపోకుండా నిలుస్తుంది. పరీక్షల రోజుల్లో కూడా ఆ పది నిమిషాలు నేను వదులుకోను. ఇందులో సుఖం ఎంత, రసాయనశాస్త్రం ఎంత అని ఆలోచిస్తే, రెండోదే ఎక్కువని తేలింది. అందుకే ఈ వ్యాసం.

మా నాయిన చిన్నతనంలో క్షౌరవృత్తి చేసే పెద్దమనిషి పొది చంకన పెట్టుకుని ఇంటికే వచ్చేవాడట. కల్లం కాడ ఏడాదికోసారి మేర కింద వడ్లు కొలిచి ఇచ్చేవారు. "సబ్బెక్కడిదిరా? తడిచెయ్యి, కత్తి, అంతే. నురగ పెండ్లికొడుక్కే" అంటాడు మా నాయిన. తడిచెయ్యిలోనూ శాస్త్రం లేకపోలేదు. వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది. పొడి వెంట్రుక కంటే తడిసిన వెంట్రుకను కొయ్యడానికి చాలా తక్కువ బలం చాలు. సబ్బు చేసేది రెండు పనులు. ఆ తడి ఆరిపోకుండా వెంట్రుక చుట్టూ పట్టి ఉంచడం ఒకటి, బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా ఉండడం రెండోది.

నూనెకు క్షారం తగిలితే సబ్బు, గ్లిజరిన్ వస్తాయని ఇంటర్‌లోనే చదువుకున్నాం. కొవ్వుల లోగుట్టును ఫ్రాన్సు దేశస్థుడు షెవ్రోల్ విప్పి 1823లో పుస్తకంగా వేశాడు. అయితే ఒంటిసబ్బుకూ గడ్డం సబ్బుకూ తేడా ఎక్కడుంది? ఒంటిసబ్బుకు కాస్టిక్ సోడా వాడతారు. బిళ్ళ గట్టిగా ఉంటుంది, నీళ్ళలో నిదానంగా కరుగుతుంది. గడ్డం సబ్బులో కాస్టిక్ పొటాష్‌ది పైచేయి. పొటాషియం సబ్బు మెత్తన, తొందరగా కరిగి బ్రష్షుకు పట్టుకుంటుంది. ఇక కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం పెద్ద పెద్ద బుడగలను గబగబా లేపుతుంది గాని అవి నిమిషంలో చచ్చిపోతాయి. స్టియరిక్ ఆమ్లం సన్నటి బుడగలను ఇస్తుంది, అవి నిలుస్తాయి. రెండూ కలిస్తేనే నురగ.

ఈ స్టియరిక్ ఎక్కడిది? విదేశాల్లో చాలామంది చిన్న తయారీదార్లు పశువుల కొవ్వు వాడతారు. మన దగ్గర దానికి దారి తవుడులో ఉంది. రైతుబిడ్డలు ఈ భాగం కొంచెం నిదానంగా చదవాలని నా మనవి.

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. ఆసియాలోనే పెద్ద మిల్లు కేంద్రాల్లో ఒకటని దానికి పేరు. వడ్లు మిల్లులో పడితే బియ్యం, నూక, ఊకతోపాటు నూటికి ఆరేడు పాళ్ళ తవుడు వస్తుంది. తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. కాని మర పట్టిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ఆ నూనె మీద పడుతుంది. రోజుకు ఐదారు శాతం చొప్పున నూనె విరిగి కొవ్వు ఆమ్లాలుగా మారిపోతూ ఉంటుంది. అందుకే తాజా తవుడు నూనె వంటకు పోతుంది, ఆలస్యమైనది సబ్బుల వాళ్ళకూ, ఆమ్లాల ఫ్యాక్టరీలకూ పోతుంది. బాయిల్డ్ రైస్ పట్టే మిల్లుల్లో వడ్లను ఉడకబెట్టే వేడికి లైపేజ్ చచ్చిపోతుంది గనుక ఆ తవుడు ఎక్కువ కాలం ఆగుతుంది, నూనె కూడా కొంచెం ఎక్కువే దిగుతుంది.

తవుడు నూనెలో నేరుగా స్టియరిక్ ఉండేది రెండు శాతం చిల్లరే. ఎక్కువ భాగం ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలు. వీటికీ స్టియరిక్‌కూ 18 కార్బన్ల గొలుసే. ఒలియిక్‌లో ఒక ద్విబంధం, లినోలియిక్‌లో రెండు, అంతే తేడా. నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ పట్టిస్తే ద్విబంధాలు పోయి రెండూ స్టియరిక్ అవుతాయి. మిగిలిన పామిటిక్ కూడా పనికిరానిది కాదు. బజారులో స్టియరిక్ పేరుతో అమ్మేది చాలావరకు ఈ రెండింటి మిశ్రమమే. ఇప్పుడు లెక్క చూడండి. 75 కిలోల బస్తా వడ్లకు ఐదు కిలోల తవుడు. ఐదు కిలోల తవుడుకు ముప్పాతిక కిలో పైచిలుకు నూనె. బిళ్ళకు 50 గ్రాముల స్టియరిక్ చొప్పున, ఒక బస్తా వడ్ల తవుడులో పదిహేను గడ్డం సబ్బులు దాగి ఉన్నాయన్నమాట! సూర్యాపేట మార్కెట్‌లో కాంటా పెట్టేటప్పుడు తేమ శాతం గురించి గంటసేపు వాదించుకుంటాం గాని ఈ లెక్క మనకెవరూ చెప్పరు.

ఆముదం సంగతి కూడా ఒక మాట. పాత నల్గొండ జిల్లా చెలకల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదం చేలే. ఇప్పుడు ఆ చెలకల్లో పత్తి. గడ్డం సబ్బులో కొద్దిగా ఆముదం పడితే సబ్బు తేలిగ్గా కరుగుతుంది, నురగకు జారుడు వస్తుంది.

మా అన్న పాళ్ళు ఇవి: స్టియరిక్ 50 గ్రాములు, కొబ్బరినూనె 20, ఆముదం 5. గ్రాము స్టియరిక్‌కు సుమారు 197 మిల్లీగ్రాములు, కొబ్బరినూనెకు 257, ఆముదానికి 180 మిల్లీగ్రాముల స్వచ్ఛమైన పొటాష్ కావాలి. మొత్తం కూడితే 15.9 గ్రాములు. ఇందులో మూడో వంతును సోడాగా మార్చితే బిళ్ళకు గట్టిదనం వస్తుంది. సోడా తూకానికి 40, పొటాష్‌కు 56 అనే నిష్పత్తిలో తగ్గించుకోవాలి. క్షారం మూడు నాలుగు శాతం తక్కువగానే వెయ్యాలి, ఎక్కువ కాకూడదు. బజారు పొటాష్‌లో పదో వంతు దాకా తేమ ఉంటుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

స్టియరిక్ 70 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడినీళ్ళ మీద పెట్టిన స్టీలు గిన్నెలో కరిగించి క్షారం నీళ్ళు పోస్తే, కన్నుమూసి తెరిచేలోగా జొన్నసంకటిలాగా గట్టిపడుతుంది. తెడ్డుతో మెదుపుతూ గంటసేపు ఓపిక పట్టాలి. సిల్వరు గిన్నె ఎంతమాత్రం పనికిరాదు. అల్యూమినియంను క్షారం తినేసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. క్షారాన్ని నీళ్ళలో వెయ్యాలి గాని క్షారం మీద నీళ్ళు పొయ్యరాదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరూ ఈ పనికి పూనుకోవద్దు. కంట్లో పడితే చూపు పోతుంది.

చేత్తో చేసిన సబ్బులో గ్లిజరిన్ అంతా మిగిలే ఉంటుంది, ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని తీసి అమ్ముకుంటారు అని ఒక ప్రచారం ఉంది. ఒంటిసబ్బుల విషయంలో అది చాలావరకు నిజమే. గడ్డం సబ్బు విషయంలో సగమే నిజం. స్టియరిక్ ఆమ్లం నూనె కాదు, ఆమ్లం. క్షారంతో కలిస్తే సబ్బు, నీరు వస్తాయి, గ్లిజరిన్ రాదు. పై పాళ్ళలో కొబ్బరినూనె, ఆముదం నుంచి వచ్చేది మూడు గ్రాములు మించదు. మంచి సబ్బు చేసేవాడు విడిగా ఏడెనిమిది గ్రాములు కలుపుతాడు. కలపనివాడు కూడా 'సహజం' అని కాగితం అంటిస్తాడు, అది వేరే సంగతి.

క్షారం మిగిలిందో లేదో చూడడానికి ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే చాలదా అని అడగవచ్చు. సబ్బును నీళ్ళలో కలిపి వేస్తే ఏ సబ్బైనా గులాబీ రంగే చూపిస్తుంది, ఎందుకంటే సబ్బు నీళ్ళే క్షార స్వభావం కలవి. ఆల్కహాలులో కరిగించి వెయ్యాలి. అప్పుడూ రంగు వస్తే ఆ బిళ్ళ చెంపకు పనికిరాదు.

ఇంత చేసినా నీళ్ళు కలిసిరాకపోతే నురగ రాదు. మిర్యాలగూడ, కోదాడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళున్నాయి. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కాలువ అందని ఊళ్ళకు రాతిపొరల్లోంచి తోడిన బోరు నీళ్ళే గతి. వాటిలోని ఫ్లోరైడు మన జిల్లా ఎముకల మీద రాసిన చరిత్ర అందరికీ తెలిసిందే. మిషన్ భగీరథ వచ్చాక తాగే నీళ్ళు మారాయి గాని, మా ఇంట్లో స్నానానికీ గడ్డానికీ ఇప్పటికీ బోరే. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కులేనప్పుడు 600 దాకా ఫరవాలేదని భారతీయ ప్రమాణం. 500 ఉన్న నీళ్ళు అనుకుందాం. గడ్డానికి పట్టే 25 మిల్లీలీటర్ల నీళ్ళలోని కాల్షియం 80 మిల్లీగ్రాముల సబ్బును మాత్రమే తినేస్తుంది. మనం వాడే గ్రాము సబ్బులో అది పన్నెండో వంతు. మరి నురగ అంతగా ఎందుకు చస్తుంది? పుట్టిన కాల్షియం సబ్బు నీళ్ళలో కరగదు. దాని రేణువులు బుడగల పొరల్లో దూరి వాటిని పగలగొడతాయి. నష్టం పోయిన సబ్బుతో కాదు, మిగిలిన తెట్టుతో!

దీనికి విరుగుడు వంటింట్లోనే ఉంది. చిటికెడు నిమ్మఉప్పు, దానికి తగినంత వంటసోడా నీళ్ళలో వేసి పొంగు ఆగేదాకా ఉంచితే సిట్రేటు తయారవుతుంది. అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. ఉత్త నిమ్మఉప్పు వేస్తే మాత్రం సబ్బు విరిగి మళ్ళీ స్టియరిక్ ఆమ్లం తేలుతుంది. వానాకాలంలో చూరు నీళ్ళు పట్టుకుంటే ఇదేమీ అవసరం లేదు.

కోదాడలో అన్న ఇంటి దగ్గర సెలూను నడిపే ఆయనకు అన్న ఒక బిళ్ళ ఇచ్చాడు. రోజుకు పాతిక ముప్పై గడ్డాలు చేసే మనిషి, వేళ్ళు ఎప్పుడూ పగిలి ఉంటాయి. నెల వాడి చూసి, "తమ్మీ, నాకు నెలనెలా ఇయ్యి, పైసలిస్తా" అన్నాడు. అన్న ఇవ్వలేకపోయాడు. గడ్డం సబ్బు చట్టం దృష్టిలో సౌందర్య సాధనం. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు ఉండాలి, అర్హత గల సాంకేతిక మనిషి దగ్గరుండి చేయించాలి. ఇది అన్యాయమని నేను అనను. ఎవరి చెంపైనా బొబ్బెక్కితే ఆ మాట సబ్బు మీద పడదు, సెలూను ఆయన మీద పడుతుంది. గిరాకీ పోయేది ఆయనకే. అలాగని ఇంట్లో మొదలైన సబ్బు ఎదగలేదా అంటే, మద్రాసులో రైల్వే డాక్టరుగా ఉన్న వి.పి. సిద్ధన్ 1969లో ఇంట్లో చేత్తో మొదలుపెట్టిన మెడిమిక్స్ మన కళ్ళ ముందే ఉంది.

ప్రస్తుతం అన్న ఆ లైసెన్సు దరఖాస్తు కోసం గది ప్లాను గీయిస్తున్నాడు. తవుడు నూనె నుంచి తీసిన స్టియరిక్ తక్కువ మోతాదులో ఎవరు ఇస్తారో మిర్యాలగూడలో విచారించే పని నాకు అప్పగించాడు. సంక్రాంతి సెలవుల్లో వెళుతున్నాను. మిల్లుల వైపు తెలిసినవాళ్ళున్న మిత్రులు ఎవరైనా ఉంటే కెమిస్ట్రీ ల్యాబు దగ్గర కలవండి.