దారి చూపు కారు స్టీరియో: కొనువారు గమనింపవలసిన సంగతులు

గ్రామములలో నేడు కారు అరుదైన వస్తువు కాదు. బ్యాంకు ఋణముతో కారు కొని బాడుగకు త్రిప్పుచున్న యువకులు అనేక గ్రామములలో ఉన్నారు. రాత్రివేళ నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకును, పంటను చూపుకొనుటకు దూరపు మార్కెటు యార్డుకు పోవుటకును ఆ కార్లే అక్కరకు వచ్చుచున్నవి. పాటలు వినిపించుటతోపాటు దారియు చూపు స్టీరియోను అమర్చుకొనదలచినవారు, ఏది మంచిదని పంచాయతీ సభ్యులను అడుగుట కలదు. సభ్యులలో పలువురు స్వయముగా కారు గలవారే. కనుక ఈ యంత్రమును గూర్చి ముఖ్యమైన సంగతులను ఇచట వివరించుచున్నాము.

దుకాణములో మొదట కంటికి కనబడునది తెర. తొమ్మిది అంగుళములదా, పది అంగుళములదా అనుచోటనే బేరము సాగును. మా అభిప్రాయమున తెర కడపటి సంగతి. మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: సెల్‌ఫోను సిగ్నలు లేనిచోట ఇది దారి చూపునా?

ఈ ప్రశ్న ఏల ముఖ్యమో తెలియుటకు యంత్రము పనిచేయు విధమును కొంత తెలిసికొనవలెను. జి.పి.ఎస్. అను అమెరికా దేశపు ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు ఎల్లవేళల సంకేతములను పంపుచుండును. ఈ ఏర్పాటు 1995లో సంపూర్ణమైనది. కారులోని యంత్రము కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, అవి తనను చేరుటకు పట్టిన కాలమును బట్టి తానున్న చోటును లెక్కకట్టును. మన శ్రీహరికోట నుండి 2013 మొదలు 2016 వరకు ప్రయోగింపబడిన నావిక్ ఉపగ్రహములు ఉద్దేశింపబడినదియు ఇట్టి పనికే. ఈ సంకేతములకు సెల్‌ఫోను టవరు అక్కరలేదు, రుసుమును లేదు. అయితే వీనివలన తెలియునది కారు ఉన్న చోటు మాత్రమే. అచటినుండి ఏ దారి ఎటు పోవునో చెప్పునది పటము. ఆ పటము ఎచట నిలువయున్నదో విచారింపవలెను.

కొన్ని స్టీరియోలలో పటము యంత్రములోనే గాని, అందుంచిన చిన్న కార్డులో గాని ఉండును. అట్టివి నల్లమల అడవిలో సిగ్నలు లేకున్నను దారి చూపగలవు. రెండవ రకమునకు సొంత పటము ఉండదు. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే అను ఏర్పాటులద్వారా ఫోనులోని పటమునే తన తెరపై చూపును. పటము ఎప్పటికప్పుడు సవరింపబడుచుండుట ఇందలి లాభము. సిగ్నలు పోయిన వెనుక క్రొత్త చోటికి దారి వెదకుట కష్టమగుట ఇందలి లోపము. బయలుదేరుటకు ముందే ఆ ప్రాంతపు పటమును ఫోనులోనికి దింపుకొనినచో ఈ చిక్కు చాలవరకు తీరును. మూడవ రకము చవుకగా దొరకును. అది చూచుటకు పెద్ద ఫోనువంటిదే గాని, ఇంటర్నెట్టును మాత్రము మన ఫోను నుండి అరువు తెచ్చుకొనుచుండును. అమ్మువారు అన్నింటిని గూర్చియు “జి.పి.ఎస్. ఉన్నదండీ” అనియే చెప్పుట వాడుక. ఆ మాటతో తృప్తిపడి డబ్బు చెల్లింపరాదు.

పరీక్ష సులభమే. యంత్రమున్న కారును షెడ్డు నుండి ఆరుబయటికి తెప్పించి, ఫోనులోని ఇంటర్నెట్టును ఆపించి, మన ఊరికి దారి చూపుమని అడుగవలెను. హైదరాబాదును, విజయవాడను ఏ యంత్రమైనను చూపును. రామాపురములు, కొత్తపల్లెలు, వెంకటాపురములు మన ప్రాంతమున ఎన్నియో కలవు. కనుక పేరు కనబడినంతనే సంతోషింపక మండలమును, జిల్లాను కూడ చూడవలెను. పటము ఏనాటిదో దానివలననే తెలియును. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యెను. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యెను. ఆంధ్రప్రదేశములో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యెను. పాడేరును ఇంకను విశాఖపట్టణము జిల్లాలో చూపు పటము సవరింపు లేక పాతబడినదని అనుమానింపవచ్చును. అట్టి పటములో ఇటీవలి బైపాసులు ఉండునని నమ్మరాదు.

పాత పటము వలన కలుగు కీడు చిన్నది కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశమునందలి బరేలీ ప్రాంతమున, ఒక భాగము వరదకు కొట్టుకొనిపోయిన వంతెనపైకి పోయిన కారు రామగంగ నదిలో పడి ముగ్గురు మరణించిరి. వంతెన తెగిన సంగతి దారి చూపు పటములో చేరలేదని వార్తలు వచ్చెను. మన వాగులపైనున్న చప్టాల విషయమున కూడ ఇట్టి జాగ్రత్తయే అవసరము. వానకాలమున మునుగు చప్టాను పటము ఎండకాలపు రోడ్డుగనే చూపుచుండును. నీరు పారుచున్నపుడు యంత్రము పొమ్మన్నను పోక, ఆ ఊరివారిని అడిగి తెలిసికొనుటయే క్షేమము.

ఇక అమరికను గూర్చి. స్టీరియో పెట్టు గూడు పాత కార్లలో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండును. దీనికి రెట్టింపు ఎత్తు గలవియు కలవు. కొలిచి చూచుకొనియే కొనవలెను. సాధారణముగా పసుపు తీగ నేరుగా బ్యాటరీకి, ఎఱ్ఱ తీగ తాళముచెవి ద్వారా, నల్ల తీగ కారు లోహపు భాగమునకు కలుపబడును. తొందరలో పసుపు, ఎఱుపు తీగలను రెండింటిని బ్యాటరీకే కలిపినచో తెల్లవారునప్పటికి బ్యాటరీ దిగిపోవచ్చును. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసిన కారునకు ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఫ్యూజు లేనిదే తీగను కలుపనీయరాదు. కారు తీగలను కోయక, సరిపడు కప్లరు తెప్పించి బిగింపించుట మేలు.

శబ్దమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెట్టెపై అచ్చువేసిన వాట్ల సంఖ్య గరిష్ఠమునకు సంబంధించినది. ఎడతెగక వచ్చు శక్తి అందులో సగము కూడ ఉండకపోవచ్చును. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమములను మీడియం వేవులో వినువారు మాత్రము ఆ సదుపాయమున్నదో లేదో అడుగవలెను. కొన్ని యంత్రములలో ఎఫ్.ఎం. ఒక్కటే ఉండును.

దారిని తెలుగులో పలుకు యంత్రమైనచో డ్రైవరు చూపు రోడ్డుపైననే నిలుచును. 2020 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన మోటారు వాహనముల నిబంధనల సవరణ ప్రకారము, నడుపుచుండగా చేతి ఫోనును దారి తెలిసికొనుటకు మాత్రమే, అదియు దృష్టి చెదరని విధముగా, వాడవచ్చును.

పంచాయతీ చేయదగిన పని యొకటి మిగిలియున్నది. మన ఊరి పేరు పటములో తప్పుగా పడియున్నచో, ఆసుపత్రి పొలముల నడుమ చూపబడియున్నచో, పొరుగూరి కారు ఏ యంత్రముతో వచ్చినను దారి తప్పును. గూగుల్ మ్యాప్స్ వంటి పటములకు ఎవరైనను ఫోను నుండియే సవరణ పంపవచ్చును. ఆ చోటనే నిలిచి గుర్తు పెట్టి, పంచాయతీ బోర్డుపైనున్న రీతినే పేరు వ్రాయవలెను. పంపిన సవరణ పరిశీలన జరిగిన పిదప ఆ పటమును చూపు ఫోన్లలో కనబడును. పటము లోపలనే ఉన్న స్టీరియోలకు మాత్రము, ఆ పటమును తయారుచేయు సంస్థ సవరించి క్రొత్త పటము నిచ్చినపుడే మార్పు చేరును. కనుక క్రొత్త పటము ఎన్ని సంవత్సరములు ఉచితముగా ఇచ్చెదరో రశీదుపై వ్రాయించుకొనవలెను.