పరీక్షకు ముందు మాట

హెచ్.ఐ.వి. గురించి నా చేతికొచ్చే కథల్లో చాలావాటిలో రక్తపరీక్ష ఒక తీర్పులా వస్తుంది. కాగితం అందగానే పాత్ర కుప్పకూలుతుంది, కథ ముగుస్తుంది. ‘స్వచ్ఛంద పరీక్ష’లోని మొదటి మాటను మనం పట్టించుకోకపోవడమే ఈ లోపానికి మూలమని నా అభిప్రాయం.

మా బాల్కొండ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వలస దశాబ్దాలుగా సాగుతున్నది. ఆ దేశాలు పని వీసాకు హెచ్.ఐ.వి. పరీక్షను తప్పనిసరి చేశాయి. వైరస్ కనబడితే ‘అన్‌ఫిట్’. అక్కడ పరీక్ష శ్రమశక్తిని ఏరుకునే జల్లెడ మాత్రమే. తిరస్కరించిన మనిషి తర్వాత ఏమవుతాడన్నది దానికి పట్టదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల పద్ధతి వేరు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు: వైరస్ ఎలా సోకుతుంది, ఎలా సోకదు, ఫలితం ఏదైనా ఏం చేయవచ్చు. ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే వేరే పరీక్షలతో నిర్ధారిస్తారు. సోకిన తొలి వారాల్లో వైరస్ జాడ తెలియకపోవచ్చు గనుక, అవసరమైతే మళ్లీ రమ్మంటారు. 2017 నాటి చట్టం 2018లో అమల్లోకి వచ్చి ఈ అంగీకారాన్నీ గోప్యతనూ హక్కులు చేసింది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. బలవంతం ఎటు తీసుకుపోతుందో దేశం చూసింది: 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుణ్ణి, రక్తంలో వైరస్ ఉందన్న కారణంగా రెండు నెలలకు పైగా నిర్బంధించారు. నిర్బంధ భయం ఉన్నచోట జనం పరీక్షకు రారు; వైరస్ మాత్రం ఆగదు. నమ్మకం ఉంటే వస్తారు. ప్రభుత్వం 2004లో ఉచిత మందులు మొదలుపెట్టింది. 2017 నుంచి వైరస్ నిర్ధారణ అయిన వారందరికీ ఇస్తున్నది. మందులు క్రమంగా వాడి, వైరస్ కొలతకందనంత తగ్గి అలాగే ఉంటే లైంగికంగా ఇతరులకు సోకదు. వైద్యం లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు. సకాలంలో వైద్యం అందితే 5 కంటే తక్కువ. వ్యక్తి హక్కు, సమాజ ఆరోగ్యం ఇక్కడ పరస్పర విరుద్ధాలు కావు.

అయితే స్వచ్ఛందం అన్నంత మాత్రాన స్వేచ్ఛ రాదు. భర్త గల్ఫ్‌లో ఉన్న బీడీ కార్మికురాలు ఆ కేంద్రానికి పోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి, అత్తింటి అనుమానాన్ని దాటాలి, ఊరి నోటికి జంకకుండా ఉండాలి. ఆ నోటికి మాటలందించే వారిలో మనమూ ఉన్నాం. ‘మాయరోగం’, ‘పాపఫలం’ అని రాసినప్పుడల్లా ఆమె దారిలో మరో అడ్డంకి పెడుతున్నాం. పరీక్ష తర్వాత మందులు వాడుతూ, బీడీలు చుట్టుతూ, పిల్లల్ని బడికి పంపుతూ బతికే మనిషి మన కథల్లోకి రావలసి ఉన్నది.