బీటా గ్లోబిన్‌లో అక్షర దోషాలు

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆ గొలుసు తయారీకి కావలసిన సమాచారం 11వ క్రోమోజోమ్‌ మీది ఓ చిన్న జన్యువులో ఉంది. ఉత్పరివర్తనాలు ప్రోటీన్‌ను ఎన్ని విధాల దెబ్బతీస్తాయో చూడాలంటే ఈ ఒక్క జన్యువు చాలు.

డీఎన్‌ఏ అక్షరాలను కణం మూడేసి చొప్పున చదువుతుంది. బీటా గొలుసులో ఆరోది గ్లూటామిక్ ఆమ్లం. దాని సంకేతం జీఏజీ. చివరి జీ ఏగా మారినా నష్టం లేదు, జీఏఏ కూడా గ్లూటామిక్ ఆమ్లాన్నే తెస్తుంది. నడిమి ఏ టీగా మారిందా, అక్కడికి వేలిన్ వస్తుంది. గ్లూటామిక్ ఆమ్లం నీటితో ఇట్టే కలుస్తుంది, వేలిన్ కలవదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదలగానే ఈ వేలిన్ పక్క అణువు మీది గుంటలో ఇరుక్కుంటుంది. అలా అణువుకు అణువు అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం బిరుసెక్కి కొడవలిలా వంగుతుంది, సన్నని రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. ఇది అణువులోనే ఉన్న జబ్బని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చెప్పింది. తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. మన ఏజెన్సీ గ్రామాల్లో గిరిజన కుటుంబాలను బాధిస్తున్న సికిల్ సెల్ వ్యాధి ఇదే.

సికిల్ సెల్‌లో గొలుసు పూర్తిగానే తయారవుతుంది, గుణమే చెడుతుంది. బీటా తలసీమియాలో గొలుసే కరువు. మధ్యధరా ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఒక మార్పులో 39వ సంకేతం సీఏజీ కాస్తా టీఏజీ అవుతుంది. టీఏజీ అంటే ఆపమని. గొలుసు అక్కడే తెగుతుంది. చాలాసార్లు ఆ జన్యువు నకలుగా వచ్చే లోపభూయిష్టమైన ఆర్‌ఎన్‌ఏను కణమే ముందుగా నాశనం చేస్తుంది.

మన దేశంలో కనిపించే మరో మార్పులో 8, 9 సంకేతాల మధ్య ఒక జీ అదనంగా చేరుతుంది. చొక్కాకు ఒక గుండీ తప్పు కాజాలో పడితే కింది వరసంతా తప్పినట్టు, అక్కడి నుంచి ప్రతి మూడక్షరాల విభజనా మారిపోతుంది. అదే మూడక్షరాలు ఒక్కసారిగా చేరితే వరస చెడదు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది భారతదేశంలో అన్నిటికన్నా తరచుగా కనిపించే తలసీమియా మార్పు. అది అసలు ప్రోటీన్ సంకేతాల్లోనే లేదు! కణం కత్తిరించి పారేసే మధ్యభాగంలో, అయిదో అక్షరం జీ సీగా మారుతుంది. దాంతో కత్తిరింపు చోటు తప్పుతుంది, సరైన ఆర్‌ఎన్‌ఏ బాగా తగ్గిపోతుంది.

మన దేశంలోని బీటా తలసీమియాలో అధికభాగానికి ఇలాంటి అయిదు మార్పులే కారణం. అందుకే భార్యాభర్తలిద్దరూ వాహకులని తేలినప్పుడు, ప్రయోగశాల జన్యువులో ముందుగా ఈ అయిదు చోట్లే వెతుకుతుంది.