బ్రేకులు పెడితే చక్రాలు జరపాలి

టైగర్ మాత్‌కు అసలు బ్రేకులే ఉండవని తెలుసా? రెండో ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటతో సహా ఎన్నో చోట్ల కుర్ర పైలట్లు ఓనమాలు దిద్దింది ఈ జంట రెక్కల విమానం మీదే. దిగాక దాని వేగాన్ని తగ్గించేది తోక కింద నేలను గీరుకుంటూ పోయే స్కిడ్. గడ్డి మైదానంలో బాగా పట్టే ఆ స్కిడ్ సిమెంటు రన్‌వే మీద తానే అరిగిపోతుంది. కెనడాలో తయారైన టైగర్ మాత్‌లకు బ్రేకులు పెట్టారు. దాంతో ప్రధాన చక్రాలను కూడా ముందుకు జరపాల్సి వచ్చింది. లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు తోక లేచి ముక్కు నేలకు కొట్టుకుంటుంది.

1946లో వచ్చిన చిన్న విమానం సెస్నా 140కీ ఇదే తంటా. చాలామంది యజమానులు చక్రాన్ని మోసే కాలికీ చక్రానికీ మధ్య ఒక లోహపు దిమ్మ బిగించి, చక్రాన్ని ముందుకు తెచ్చుకున్నారు. ముక్కు బతికింది గానీ, కాలు మెలిపడి, ఆ భారం కాలిని బాడీకి బిగించిన చోట పడింది. అందుకే పాత విమానానికి కొత్త భాగం తగిలించేవాళ్లు ముందు చూడాల్సింది ఆ భాగాన్ని కాదు, దాని పక్కనున్న బోల్టుల్ని అంటాను. 1949 నాటి 140ఏకి కంపెనీయే కాళ్లను ముందుకు వాల్చి ఇచ్చింది.

సెస్నాల ఉక్కు పట్టీ కాళ్లను కనిపెట్టింది ఆష్‌కాష్‌కు చెందిన స్టీవ్ విట్‌మన్. ఒక కన్ను దాదాపు కనిపించకపోయినా విమాన పందేల్లో దూసుకుపోయిన మనిషి! ఆ కాళ్లలో రబ్బరు లేదు, ఆయిలు లేదు. ఉక్కే వంగి లేస్తుంది. కాకపోతే చిన్న గీత పడినా, తుప్పు మచ్చ లేచినా పగులు అక్కడే మొదలవుతుంది. సెస్నా 172 కాలి మీద ఉండే మెట్టును బోల్టుతో కాకుండా జిగురుతో అతికించేది ఇందుకే. రంధ్రం వేస్తే కాలు బలహీనపడుతుంది.

పైపర్ కబ్‌ది వేరే దారి. దాని కుదుపును మోసేవి రబ్బరు బంజీ తాళ్లు. వాటి నేత తొడుగులో సన్నటి రంగు దారాలు కనిపిస్తాయి. అందం కోసం వేసినవి కావవి; తాడు ఏ సంవత్సరంలో, అందులో ఏ మూడు నెలల్లో తయారైందో ఆ రంగులే చెబుతాయి. ఎండ, పెట్రోలు, ఆయిలు తగిలితే రబ్బరు చచ్చిపోతుంది కాబట్టి పైన మరో తొడుగు వేసి ఉంచుతారు. కొత్త తాడు ఎక్కించడం చేతులతో అయ్యే పని కాదు. సాగదీసే పరికరం కావాలి. అది జారితే వేళ్లు పోతాయి.

తోకచక్రం గడగడా వణికితే చాలామంది ముందు టైరులో గాలి చూస్తారు. తరచూ అసలు దోషం దాన్ని మోసే పట్టీల్లో ఉంటుంది. లారీ కమాన్ కట్టల్లా అవి ఏళ్ల తరబడి బరువు మోసి చదునైపోతే, చక్రం తిరిగే నిలువు ఇరుసు వాలు మారిపోతుంది. పట్టీలకు మళ్లీ వంపు తేవాలి, లేదా మార్చాలి.

ఉక్కు గొట్టాలతో కట్టిన పాత విమానాల్లో తుప్పు లోపలి నుంచి తింటుంది. దానికి పాతకాలపు మందు అవిసె నూనె. వేడి చేసి గొట్టంలో పోసి, లోపలి గోడంతా తడిసేలా తిప్పి, మిగిలింది కార్చేసి, రంధ్రం మూసేస్తారు.